పన్నెండు ఆదివారాలు: మన కార్మిక కథలో పురిటి సెలవు

1987లో నేనొక కథ రాశాను. పేరు అనవసరం. సమ్మె నడుస్తున్న మిల్లు, జైల్లో ఉన్న నాయకుడు రాజయ్య, నెలలు నిండిన అతని భార్య. గేటు ముందు లాఠీలు లేచే వేళకే గుడిసెలో ఆమెకు నొప్పులు మొదలవుతాయి. బిడ్డ కేర్‌మన్న క్షణానే బజార్లో నినాదం మిన్నంటుతుంది. తూర్పున ఎర్రగా తెల్లవారుతుంది. అంతటితో కథ అయిపోతుంది. మెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక సంకలనంలోకి కూడా ఎక్కింది.

రెండేళ్ల కిందట ఉత్తర తెలంగాణలో ఒక చిన్న పట్టణానికి వెళితే, బీడీ కార్మికుల యూనియన్ ఆఫీసులో ఆ కథ చదవమన్నారు. ఓ ముప్పైమంది స్త్రీలు. చదవటం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కదిలిపోయారనే అనుకున్నాను. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చున్న ఒకామె, వయసు యాభై దాటి ఉంటుంది, అడిగింది: "సారూ, పిల్ల పుట్టినంక ఆమె ఎన్నొద్దులకు చాట పట్టింది?"

తెలియని పాఠకుల కోసం చెబుతున్నాను. బీడీలు చుట్టే స్త్రీ ఒళ్లో చాట పెట్టుకుని, అందులో కత్తిరించిన తునికాకు, తంబాకు వేసుకుని పని చేస్తుంది. చాట పట్టటం అంటే పనికి కూర్చోవటం. నా దగ్గర జవాబు లేదు. రాజయ్య భార్య బీడీలు చుడుతుందని నేను రాసిన మాట నిజమే, మొదటి పేజీలో, ఇంటి వర్ణనలో. మూలన చాట, కత్తెర, ఆరని పొయ్యి. ఆ తర్వాత ఆ చాట కథలో ఎక్కడా కనిపించదు. ఇంటికి పోయి కథ మళ్లీ తీసి చూసుకున్నాను. ఆమెకు పేరు కూడా పెట్టలేదు. కథ పొడుగునా 'రాజయ్య భార్య' అనే ఉంది.

ఇది నా ఒక్కడి లోపమే అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. నా కథ నేను దిద్దుకుంటే సరిపోతుంది. కాని ఆ ప్రశ్న విన్న దగ్గర్నుంచి మన కార్మిక కథలు మళ్లీ చదువుతున్నాను, కొత్తగా రాస్తున్నవాళ్ల రాతప్రతులు కూడా. మన కథల్లో కాన్పు వస్తే ప్రతీకగానన్నా వస్తుంది, చావుగానన్నా వస్తుంది. ప్రతీకగా వస్తే కొత్త తరం పుట్టిందని అర్థం. చావుగా వస్తే పాత వ్యవస్థ చంపిందని అర్థం. రెండు చోట్లా ఆమె మళ్లీ పనికి పోవలసిన అవసరం రాదు. ప్రతీకలకు ఆకలి లేదు, చచ్చిపోయినవాళ్లకు మస్టరు లేదు. మధ్యలో ఉన్నది ఏమిటి? బతికిన తల్లి, బతికిన బిడ్డ, నిలిచిపోయిన కూలి, ఇంట్లో ఉప్పూ పప్పూ, మళ్లీ పనిలోకి రానిస్తారో లేదో అన్న భయం. ఈ మధ్యలోదే జీవితం. వాస్తవికత మన సిద్ధాంతమని చెప్పుకునే మనం దాన్నే వదిలేశాం.

గోర్కీ 'అమ్మ' 1906 నాటిది. క్రొవ్విడి లింగరాజు తెలుగు చేసిన ఆ నవల మన మూడు తరాల రచయితలకు పాఠ్యపుస్తకం. దాని గొప్పతనాన్ని నేను తక్కువ చేయటం లేదు. తిండి అమ్ముకునే నెపంతో ఫ్యాక్టరీలోకి కరపత్రాలు మోసుకుపోయే నీలోవ్నా లాంటి పాత్రను ఇవాళ కూడా మనం సృష్టించలేకపోయాం. కాని ఆ నవల నుంచి మనం ఎత్తుకొచ్చుకున్నది ఒకటే నమూనా: ఎదిగిన కొడుకున్న తల్లి. మన సాహిత్యంలో ఉద్యమ మాతృమూర్తుల కొడుకులందరికీ ఇరవయ్యేళ్లు దాటి ఉంటాయి. వాళ్లకు పాలెవరు పట్టారు, జ్వరం వస్తే కూలి మానుకుని పక్కనెవరు కూర్చున్నారు, ఆ మానుకున్న కూలి ఎవరు భరించారు? పుట్టుకతోనే ఇరవయ్యేళ్లవాళ్లలాగా జెండా పట్టుకుని వస్తారు.

ఇది కేవలం రచయితల నిర్లక్ష్యమని నేననుకోను. కార్మికోద్యమం ఆలోచనలోనే ఒక ఖాళీ ఉంది, మన కథలు దాన్ని ప్రతిబింబించాయి. 1957లో 15వ భారత కార్మిక మహాసభ కనీస వేతనానికి ఒక లెక్క కట్టింది. సంపాదించే మనిషి ఒకరు, అతని మీద ఆధారపడ్డ కుటుంబం మొత్తం మూడు వినియోగ యూనిట్లు. స్త్రీలు, పిల్లలు, పెరిగే వయసు కుర్రవాళ్లు సంపాదించేది లెక్కలోకి తీసుకోకూడదు. యూనియన్లు పోరాడి సాధించుకున్న సూత్రమిది, ఆ కాలానికి గొప్ప విజయమే. భార్యాబిడ్డల తిండీ బట్టా యజమాని ఇచ్చే జీతంలో ఉండాలని అది ఒప్పించింది. కాని చూడండి, కుటుంబం జీతంలోకి వచ్చింది, పనిదినంలోకి రాలేదు. పిల్లల కడుపు నింపటానికి ఎన్ని గజాల గుడ్డ, ఎన్ని ఔన్సుల తిండి కావాలో లెక్క ఉంది. వాళ్లను కనటానికి, పెంచటానికి ఎన్ని రోజులు కావాలో ఆ లెక్కలో లేదు. ఆ రోజులన్నీ ఇంట్లో ఒకామె ఊరకే ఇస్తుందని అందరూ ముందే అనుకున్నారు, యజమానీ అనుకున్నాడు, మనమూ అనుకున్నాం. జీవన సాధనాల ఉత్పత్తి ఒకటి, మనుషుల ఉత్పత్తి ఒకటి, చరిత్రకు ఈ రెండూ మూలమని ఎంగెల్స్ 1884లో రాసిన ముందుమాటను మనం సభల్లో చాలాసార్లు చెప్పాం. కథల్లో మొదటి సగమే రాశాం.

ఇక్కడ మిత్రులు కొందరు లేవదీసే అభ్యంతరం నాకు తెలుసు. సెలవు అనేది సంస్కరణ, ఆర్థికవాదం, గుమాస్తాల సమస్య. విప్లవ సాహిత్యానికి వస్తువు కాదు. ఒక సాహిత్య శిబిరంలో నా ముఖానే ఈ మాట అన్నారు. నేను తిరిగి అడిగాను: 'పెట్టుబడి' మొదటి సంపుటంలో పనిదినం అధ్యాయం మరి దేని గురించి? ఆ అధ్యాయమంతా గంటల మీద, భోజన విరామాల మీద, నిమిషాల మీద జరిగిన యుద్ధం. అందులో మార్క్స్ వాడుకున్న సరుకు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు. మన కథకులు పోలీసు కాల్పుల మీద వచ్చిన నిజనిర్ధారణ నివేదికలు చదువుతారు, చదవాలి కూడా. లేబర్ కోర్టు అవార్డులు ఎంతమంది చదివారు? నాటకీయత అంతా గేటు దగ్గరే ఉంటుందనుకున్నాం. దస్తావేజుల్లో ఎంతుందో ఒక్కటి చెబుతాను.

కోయంబత్తూరు ప్రాంతంలో ఒక తోట ఎస్టేటు. 1967లో అక్కడ పనిచేసే ఒక స్త్రీ కాన్పుకు సెలవు పెట్టింది. 1961 ప్రసూతి సదుపాయాల చట్టం అప్పటికి ఇచ్చింది పన్నెండు వారాలు. ఎస్టేటు డబ్బు ఇచ్చింది, ఇవ్వలేదని కాదు. 72 రోజులకు ఇచ్చింది. పన్నెండు వారాలంటే 84 రోజులు కదా అంటే, ఆదివారం జీతం లేని సెలవు, పనిచేసినా ఆదివారానికి కూలి రాదు, కనుక కాన్పులో కూడా ఆదివారానికి రాదు అన్నది యాజమాన్యం లెక్క. పన్నెండు ఆదివారాలు కోసేసింది. ఆమె కోయంబత్తూరు లేబర్ కోర్టుకు పోయింది. గెలిచింది. యాజమాన్యం మద్రాసు హైకోర్టుకు పోయింది. ఏకసభ్య ధర్మాసనం యాజమాన్యం పక్షం చెప్పింది. ఇద్దరు జడ్జీల బెంచి ఆమె పక్షం చెప్పింది. అక్కణ్ణుంచి సుప్రీంకోర్టు. 1977 అక్టోబరులో తీర్పు వచ్చింది: వారమంటే ఏడు రోజులు, ఆదివారం అందులో ఉంది.

పన్నెండు రోజుల తోటకూలి ఎంత ఉంటుంది 1967లో? దానికోసం ఒక యాజమాన్యం పదేళ్లు వకీళ్లను పెట్టుకుని ఢిల్లీ దాకా పోయింది. డబ్బుకోసం కాదని తేలిగ్గానే అర్థమవుతుంది. పురిటి మంచం మీద ఉన్న స్త్రీ కార్మికురాలా కాదా అన్నది అక్కడి తగాదా. ఆదివారాలు తీసేస్తే ఆమె పనికి రాని కూలిమనిషి మాత్రమే. ఆదివారాలు కలిపితే, ఆ పన్నెండు వారాలూ మొత్తంగా ఆమెకు చెందిన కాలమని ఒప్పుకున్నట్టు. కోర్టు ఆ రెండోది ఒప్పుకుంది. ఆమె బతకటానికే కాదు, పోయిన సత్తువ కూడదీసుకోవటానికి, బిడ్డను సాకటానికి కూడా ఈ సదుపాయమని చెప్పింది. అదే ఊపులో, పనిమనిషిగా ఆమె సామర్థ్యం, ఉత్పత్తి తగ్గకుండా ఉండటానికి కూడా అని చెప్పింది. పెట్టుబడికి రేపు కావలసిన చేతులు చెడిపోకూడదన్న జాగ్రత్త ఆ వాక్యంలో లేకపోలేదు. విమర్శకుడు ఆ రెండు వాక్యాల మధ్య తేడా చూడాలి. కథకుడికి ఆ రెండు వాక్యాల మధ్యే కథ ఉంది. ఆ పదేళ్లలో ఆమె బిడ్డ పలక పట్టి బడికి పోయి ఉంటుంది. ఆమె పుట్టబోయే బిడ్డను కడుపులో పెట్టుకుని తేయాకు గంప మోసిందని వంద కవితలు రాయగలం. గంప దించాక ఆదివారం లెక్క అడిగిందని రాయటానికి మన దగ్గర పద్ధతే లేదు.

రెండో దస్తావేజు ఢిల్లీది. కందకాలు తవ్వే పని, రోడ్ల పని చేస్తూ నగరపాలక సంస్థ మస్టరు రోల్ మీద ఏళ్లతరబడి ఉండిపోయిన స్త్రీలు ప్రసూతి సెలవు అడిగారు. పర్మినెంటు వాళ్లకే అన్నారు. ఢిల్లీ మునిసిపల్ కార్మికుల యూనియన్, అంటే ఆ ఊరి యూనియనే, ఆ తగాదాను తలకెత్తుకుంది. ట్రిబ్యునల్ 1996లో వాళ్ల పక్షం తీర్పు ఇచ్చింది, సుప్రీంకోర్టు 2000 మార్చి 8న దాన్ని ఖాయం చేసింది. చట్టం స్త్రీ అంటుందే గాని పర్మినెంటు స్త్రీ అనదు అన్నది దాని సారం. దినకూలీకి కూడా కాన్పు అవుతుందని తేల్చటానికి స్వాతంత్ర్యం వచ్చాక యాభై మూడేళ్లు పట్టింది! మార్చి ఎనిమిది సభల్లో మనం ఈ తీర్పు సంగతి ఎన్నిసార్లు చెప్పాం?

స్థానిక యూనియన్ అన్న మాట మీద ఒక క్షణం ఆగుతాను. జాతీయ కార్మిక సంఘాలు తీర్మానాలు చేస్తాయి, పార్లమెంటులో చట్టాలు వస్తాయి. కాని మేస్త్రీ చేతిలో ఉన్న హాజరుపట్టీలో ఒక పేరు కొట్టేశారా, ఉంచారా అన్నది తెలిసేది ఊరి యూనియన్‌కే. ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పనిచేసి ఉండాలన్న నిబంధన ఉంది. 1988 సవరణకు ముందు నూట అరవై రోజులుండేది. ఎనభై రోజులు పూర్తికాకుండా డెబ్బయ్యో రోజునే పేరు మార్చి రాయటం ఏ మేస్త్రీకైనా తెలిసిన విద్య. దాన్ని పట్టుకోవటం చట్టం వల్ల కాదు, పక్క మనిషి వల్లనే అవుతుంది.

అయితే ఊరి యూనియన్లు ఆ పని చేశాయా? నేను చదివిన కథల్లోనే కాదు, నాకు మిత్రులిచ్చిన పాత డిమాండ్ల పత్రాల్లో కూడా ప్రసూతి సెలవు, పిల్లల గది చివరి వరుసల్లోనే ఉన్నాయి. చివరి వరుస అంటే చర్చల్లో మొదట వదులుకునేది. ఒక పత్రం అంచున పెన్సిలుతో 'తర్వాత' అని ఉంది. ఎవరు రాశారో గాని ఆ మాట నన్ను వదలటం లేదు. ఆ 'తర్వాత' మన సాహిత్యంలో కూడా ఉంది. ముందు విప్లవం, తర్వాత స్త్రీ. ముందు సమ్మె, తర్వాత కాన్పు. నా కథలో నేను రెండూ ఒకే తెల్లవారుజామున పెట్టి ఆ చిక్కు తప్పించుకున్నాను.

ఈ వస్తువు రాయదలచుకున్నవాళ్లు ఒక ప్రశ్న దగ్గర జాగ్రత్తగా ఉండాలి: డబ్బు ఎవరివ్వాలి? 1924లో ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో ప్రసూతి బిల్లు పెట్టాడు, నెగ్గలేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఇలాంటి బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్, తల్లికి విశ్రాంతి దేశానికి మేలు కనుక ఆ భారం చాలావరకు ప్రభుత్వం మోయాలన్నాడు. ఆ స్త్రీ శ్రమ నుంచి లాభపడే యజమాని కూడా కొంత మోయటం న్యాయమేనన్నాడు. 1929లో బొంబాయి చట్టం, 1934లో మద్రాసు చట్టం వచ్చాయి. 1948 ఈఎస్ఐ చట్టం కింద వచ్చేవాళ్లకు బీమా నిధి నుంచి వస్తుంది. మిగతావాళ్లకు 1961 చట్టం భారమంతా యజమాని మీదే పెట్టింది. 2017లో పన్నెండు వారాలు ఇరవై ఆరయ్యాయి, బతికున్న పిల్లలు ఇద్దరుంటే మటుకు పన్నెండే. మంచి సవరణే. కాని ఖర్చు ఒక్కడి మీదే పడితే వాడు చేసే మొదటి పని స్త్రీని పనిలోకి తీసుకోకపోవటం, తీసుకుంటే కాంట్రాక్టరు పేరు మీద తీసుకోవటం. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో 1961 చట్టం కలిసిపోయింది. ఎనభై రోజులూ, ఇరవై ఆరు వారాలూ అందులోకి అలాగే నడిచి వచ్చాయి. కనుక 'దుర్మార్గపు యజమాని, దయగల చట్టం' అనే కథ రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది.

మన మధ్యనుంచే మరొక గొంతు వచ్చిన సంగతి ఇక్కడ చెప్పకపోతే అన్యాయం. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత వచ్చినప్పుడు మనం దాన్ని స్త్రీవాద కవిత అని ఒక అరలో పెట్టాం. పేరు మాత్రం సరిగా చదవలేదు. ఇంగ్లీషులో శ్రమకూ పురిటి నొప్పులకూ ఒకటే మాట. శ్రమ కవులమని చెప్పుకునే మనకు ఆ శీర్షికే సవాలు విసిరితే, శరీరం గురించి రాస్తున్నారని ఎద్దేవా చేసినవాళ్లు మనలోనూ ఉన్నారు. 1974లో మహాశ్వేతాదేవి రాసిన బెంగాలీ నవల 'హజార్ చురాషిర్ మా' చూడండి. చంపబడ్డ విప్లవకారుడి తల్లి కథ అది. అది మొదలయ్యేది కొడుకు శవం దగ్గర కాదు, ఒంటరిగా సంచి సర్దుకుని నర్సింగ్ హోంకు పోయిన కాన్పు నాటి జ్ఞాపకం దగ్గర. అందుకే ఆ తల్లి మన 'ఉద్యమ మాత'ల్లాగా బొమ్మ కాలేదు. సుజాత ఉన్న ఇంట్లో కూలి పోతుందన్న బాధ లేదు, అది వేరే వర్గం. కవయిత్రులు ఆసుపత్రి వార్డు రాశారు, మనం మిల్లు గేటు రాశాం. వార్డు నుంచి గేటు దాకా ఉన్న దారి ఇంకా ఎవరిదీ కాలేదు.

ఆ దారిలో మగవాడు కూడా ఉన్నాడు. కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే తండ్రికి పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉంది. మిల్లు కార్మికుడికీ, దినకూలీకీ అలాంటి హక్కు ఏ చట్టంలోనూ లేదు. నా రాజయ్య జైల్లో ఉన్నాడు కనుక కాన్పు వేళ పక్కన లేడు. బయట ఉంటే మాత్రం ఉండేవాడా? రాసేటప్పుడు నాకు ఆ అనుమానమే రాలేదు. అతణ్ణి జైల్లో పెట్టటం నాకు ఎంత వీలుగా పనికొచ్చిందో ఇప్పుడు తెలుస్తోంది.

బీడీ కార్మికురాలి దగ్గరికి వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. ఆమెకు ఇల్లే కార్ఖానా. సెలవు పెట్టి ఎక్కడికి పోవాలి? 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ప్రసూతి చట్టాన్ని ఇంటి దగ్గర చుట్టేవాళ్లకూ వర్తింపజేసింది, గొప్ప సంగతే. కాని వాళ్ల వరకు రెండు సెక్షన్లు తీసేసింది. ఒకటి వైద్యం బోనసు, రెండోది గర్భం వల్ల జబ్బు చేస్తే ఇచ్చే అదనపు సెలవు. ఇంట్లోనే ఉంటుంది కదా, పడుకోవచ్చు కదా అనుకున్నారేమో! వెయ్యి బీడీలకు ఇంత అని కూలి ఉన్నచోట పడుకున్న పూట పస్తే. పైగా పుస్తకం ఒకరి పేరు మీద ఉంటుంది, చుట్టేది ఇంకొకరు. అత్త పేరు మీద కోడలు, వదిన పేరు మీద మరదలు. పుస్తకంలో పేరు లేని ఆమె కాన్పు చట్టం దృష్టిలో జరగనే జరగదు.

ఆ రోజు ఆ యూనియన్ ఆఫీసులో నేను జవాబు చెప్పలేక, మీరు ఎన్ని రోజులకు పట్టారని ఆమెనే అడిగాను. "నేనా? పెద్దోడప్పుడు పదకొండో దినాన. పురుడు పోసుకున్న దినమే. చిన్నదానప్పుడు గింత నయం, ఇరవై ఒకటి ఆగిన." పక్కనున్నామె అందుకుంది: "పైసలు మాత్రం పుస్తకం ఉన్న అత్తకొచ్చినయ్." అందరూ నవ్వారు. కాన్పయ్యాక ఆరు వారాలు ఆ స్త్రీ చేత పని చేయించకూడదన్న నిషేధం 1961 నుంచీ చట్టంలో ఉంది. యూనియన్ కార్యదర్శి, మంచివాడు, నావైపు వంగి మెల్లగా అన్నాడు: "ఇది ఎన్నడూ మా మీటింగ్‌ల రాలేదు సార్."

ఆ కథ తిరిగి రాస్తున్నాను. ఎర్రటి తెల్లవారుజాము కొట్టేశాను. ఆమెకు లక్ష్మి అని పేరు పెట్టాను. పెట్టాక ఒక చిక్కు వచ్చింది. కంపెనీ పుస్తకంలో ఉన్నది ఆమె అత్త పేరు, డబ్బులు అడగాలంటే లక్ష్మి ముందు తన పేరు అక్కడ రాయించుకోవాలి. అత్త ఒప్పుకోదు, గుత్తేదారు ఒప్పుకోడు, జైలు నుంచి వచ్చిన రాజయ్య 'తర్వాత చూద్దాం' అంటాడు. నాలుగు పేజీలు అయ్యాయి. రాజయ్య ఆ మాట అన్న చోట ఆగింది.